ముద్ర కొట్టిన టేకు

కోంట, కార్తీక మాసం

నా చెల్లి దుర్గమ్మకు అన్న రామనర్సయ్య ప్రేమతో రాస్తున్నది.

కలప గుత్తకు తీసుకున్న మన ఠేకేదారు శబరి రేవులో ఒక రాయి నిలబెడుతున్నాడు. మన టేకు తెప్పలను కోరంగిలో ఓడలు కట్టే పనికి చేరవేస్తూ నీళ్ళలో పోయినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కిస్తాడట. నంద పేరుంది, బిజ్జా పేరుంది. వాళ్ళతో పాటు అదే తెప్ప మీద పోయిన నీ పెనిమిటి, మన ఎర్రయ్య బావ పేరు లేదు. తెప్ప వదులుగా కట్టి ఇద్దరిని ముంచినవాడికి రాయేమిటన్నాడు. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

మూడేళ్ళుగా అందరూ బావ కట్టునే తిడుతుంటే విని ఊరుకున్నాను. ఆ కట్టులో ఏ లోపమూ లేదు దుర్గా. మొద్దులే పచ్చివి. టేకుచెట్టు మొదలు చుట్టూ గాటు పెట్టి, నిలువునా రెండేళ్ళు ఎండనిచ్చాకే కొట్టాలని నీకూ తెలుసు. ఆ ఏడు ఠేకేదారు ఆగలేదు. పచ్చివే కొట్టించి, నీళ్ళు తగ్గేలోపు ఏట్లోకి దించమన్నాడు. కాదంటే నా పని ఊడుతుందన్నాడు. ఎండిందనడానికి గుర్తుగా మొద్దు చివర సుత్తితో ముద్ర కొట్టేవాణ్ణి నేనే కదా. ప్రతి మొద్దుకూ కొట్టాను. మనవాళ్ళు తెప్ప కట్టేముందు గొడ్డలి వెనక్కి తిప్పి ప్రతి మొద్దునూ తట్టి మోత వింటారు. బావ నా ముద్ర చూసి, తట్టకుండానే కట్టి ఉంటాడు. పచ్చి మొద్దుల బరువుకు తెప్ప కుంగి పాపికొండల సుడిలో పోయింది.

ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. రాయి నిలబెట్టే రోజు, నమ్మకంగా పనిచేశానని నాకు శాలువా కప్పుతారట. నువ్వు రావద్దు. ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

నీ పాపిష్టి అన్న,
రామనర్సయ్య


గొల్లపల్లి

అన్నా,

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను. ఉత్తరం చించలేదు.

ఆయన తట్టాడు. బయలుదేరే ముందురోజు నేను రేవుకు జావ పట్టుకెళ్ళాను. ఒక మొద్దును తట్టి, "ఇది పచ్చిగున్నది దుర్గా, మోగుతలేదు. మీ అన్నను పిలిచి అడగాలె" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మా అన్న ముద్రేసినంక మళ్ళ తట్టుడేంది? పదిమందిల ఆయన్ను దొంగను చేస్తవా?" అన్నాను. ఆయన గొడ్డలి కింద పెట్టి తాడు అందుకున్నాడు. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఆయన కట్టే వదులని మూడేళ్ళు నాకు నేను చెప్పుకుని బతికాను. నీ ఉత్తరం ఆ కాస్త ఆసరా కూడా తీసేసింది.

నేను వస్తున్నాను. నంద పెళ్ళాం గంగే, బిజ్జా తల్లి కోసే ఇద్దరూ నాతో వస్తారు. వాళ్ళకు నీ ఉత్తరం చదివి వినిపించాను. నా మాటా చెప్పాను. గంగే నా మొహాన ఉమ్మింది. కోసే లేచి ప్రయాణానికి మూట కట్టుకుంది.

ఆ రాతి మీద ఆయన పేరు చెక్కించు. పేరు కింద నీ సుత్తి ముద్ర కూడా చెక్కించు. అదేంటని జనం అడుగుతారు. మొదట నువ్వు చెప్పు. నీ తరువాత నేను చెబుతాను.

ఎర్రయ్య పెళ్ళాం,
దుర్గమ్మ