హాల్లోంచి వెళ్ళే మెట్లు

నవంబరు 2, 1996
రాజమండ్రి నుంచి రిజిస్టర్ పోస్టు. లాయరు మూర్తిగారు పంపిన రాజీ కాగితం. మాది చర్చి పెళ్ళి కాదు, రిజిస్టర్ పెళ్ళి కాబట్టి ఇద్దరి ఇష్టం మీద విడిపోవచ్చట. కానీ జనవరి వాయిదాలోపు అక్కడి మా ఇల్లు ఎవరికి ఎంత అన్నది రాతలో కోర్టుకి చేరాలి. ఇద్దరం ఇక్కడ గల్ఫ్‌లో మన ఎంబసీ అధికారి ఎదుట సంతకాలు చేసి పంపాలి. కింది వాటా ఆనంద్‌ది, పై వాటా నాది. తొమ్మిదేళ్ళ కాపురం రెండు పేజీల్లో సర్దేశారు.

నవంబరు 3
ఆనంద్ పనిచేసే అల్ వుకైర్ సైటాఫీసుకి ఫోన్ చేశాను. "ఏవండీ" అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాను. విడాకుల కబురుకి కూడా ఏవండీయేనా… ఆనంద్ ఒకటే నవ్వు. రేపు కంపెనీ పికప్‌లో వచ్చి ఎంబసీకి తీసుకెళ్తానన్నాడు. సరే అన్నాను. టాక్సీ దండగ.

నవంబరు 4
ఎంబసీ. పని కాలేదు. తప్పు నాదే — టైపిస్టు బుద్ధి. అన్ని పేజీల మీదా రాత్రే ముత్యాల్లాంటి సంతకాలు చేసుకుని వెళ్ళాను. అధికారి తల అడ్డంగా ఊపాడు. సంతకం ఆయన కళ్ళ ముందు పడాలట. కొత్త ప్రతి టైపు చేసి తెమ్మన్నాడు.
తిరిగొచ్చే దారిలో చాయ్ తాగాం. విడిగా ఉంటున్నప్పటినుంచీ బాగానే మాట్లాడుకుంటున్నాం. ఒకే గదిలో ఉంటేనే తగువు.

నవంబరు 5
డ్యూటీ అయ్యాక ఆఫీసులోనే టైపుకి కూర్చున్నాను. తూర్పు రోడ్డు, పడమర ప్రహరీ… 'కింది వాటా, హాలుతో సహా' దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. మెట్లు!
ఇక్కడి విల్లాల్లో చూసి ముచ్చటపడి, మెట్లు హాల్లోంచే పైకి వెళ్ళాలని ఆనంద్ స్వయంగా ప్లాను గీశాడు. డ్రాఫ్ట్స్‌మన్ కదా. వీధివీధంతా వచ్చి చూసిపోయింది. ఇప్పుడు హాలు ఆయనది, పై వాటా నాది. నేను పైకి ఎలా వెళ్ళను, నిచ్చెన వేసుకునా?
గదికొచ్చి, నాతో ఉండే నర్సు స్టెల్లాకి చెప్తే, హాస్పిటల్‌కి తయారవుతున్నదల్లా మంచం మీద కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక భయం వేసింది. ఈ వీసా ఎన్నాళ్ళో తెలియదు, నాకు మిగిలేది ఆ ఇల్లొక్కటే. ఎవరి తలుపో తట్టి వెళ్ళాల్సి వస్తే అది నా ఇల్లెలా అవుతుంది?

నవంబరు 6
ఆనంద్‌కి చెప్పాను. "గీసింది నేనే కదా" అన్నాడు, చిన్నబోయి. జాలేసింది. బయట మెట్లు కట్టించమన్నాను. చోటు లేదట — పడమర గోడకీ ప్రహరీకీ మధ్య మనిషి పక్కకి తిరిగితేనే పడతాడట.

నవంబరు 7
మూర్తిగారికి ఫోన్. రెండే దారులట. మెట్లు ఉమ్మడి అని రాసుకోవడం, లేదా ఇల్లు అమ్మేసి చెరిసగం పంచుకోవడం. అమ్మడం అనే మాట పూర్తికాకుండానే అడ్డుపడ్డాను. ఉమ్మడి అనే టైపు చేస్తానన్నాను.

నవంబరు 8, శుక్రవారం
సెలవురోజు ప్రార్థనలో మనసంతా మెట్ల మీదే. ప్రభువు క్షమించాలి.

నవంబరు 10
మళ్ళీ ఎంబసీ. అధికారి పెన్ను మూత తీసి ఇచ్చాడు. సంతకం పెట్టబోయి పెట్టలేకపోయాను. "నాకు మీ హాల్లోంచి వెళ్ళాలని లేదండీ" అనేశాను. అధికారికి తెలుగు రాదు, పాపం ఓపిగ్గా కూర్చున్నాడు. ఆనంద్ కాగితం తనవైపు తిప్పుకున్నాడు. మళ్ళీ చదివాడు.
"అయితే కింది వాటా నువ్వే తీసుకో సువార్తా. పైన నేనుంటాను."
పెన్ను మూత పెట్టి అధికారికి తిరిగిచ్చేశాను. గురువారం రమ్మన్నారు. మూర్తిగారు పెట్టిన ఆఖరి గడువు అదే, ఆ రోజే పోస్టులో పడాలి.

నవంబరు 11
కింది వాటా! పెరడు, నుయ్యి, హాలు, అన్నీ నావే. ఈల వేసుకుంటూ టైపు చేశాను… రెండో పేజీ చివర్లో వెలిగింది. ఇకమీదట ఆనంద్ పైకి వెళ్ళాలంటే నా హాల్లోంచి వెళ్ళాలి. ప్లాను గీసిన మనిషికి ఇది తెలియదా?

నవంబరు 13
అడిగేశాను.
"తెలుసు. తలుపు తట్టే వస్తానులే" అన్నాడు.
ఫోన్ పెట్టేశాక కూడా నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. దానిమీద నాకే కోపం వచ్చింది. విడిపోయేది ఎందుకు మరి!
రెండు కాగితాలు టైపు చేశాను. ఒకదాంట్లో ఇల్లు అమ్మకం, చెరిసగం; ఇక ఎవరి తలుపూ ఎవరూ తట్టక్కర్లేదు. ఇంకొకదాంట్లో ఆయన పైన, నేను కింద. ఎంబసీలో ఏది ఇస్తావని స్టెల్లా అడుగుతోంది… పికప్ పొద్దున ఎనిమిదికి వస్తుంది.