కోడలు అల్లిన తెల్ల సాక్సులు

జనవరి 4
చలి. కోడలు సుమన్ సాక్సులతో ఇల్లంతా తిరుగుతోంది. వాటితోనే వంటింట్లోకి. నాకు నచ్చదు. ఉత్త కాళ్లతో దున్నినవాణ్ణి. సాక్సులు బడి పిల్లలకు, ఆఫీసర్లకు, దవాఖానలో పడుకున్నోళ్లకు.
"వంటింట్లకు అవి తీసినంకనే పో" అన్నాను. తలూపింది.
మహేష్ పెళ్లాన్ని వెనకేసుకొచ్చాడు. "బాపూ, ఆళ్ల హిమాచల్‌ల పెద్దోళ్ల ముందట ఉత్త కాళ్లతో తిరిగితే మర్యాద కాదు."
"గిది ఇబ్రహీంపట్నం."

జనవరి 7
కాలు చూపెట్టమంటాడు మహేష్. ముల్లు గుచ్చుకుంది, అంతే. చూపలేదు.

జనవరి 9
సుమన్ అందరికీ ఉన్ని సాక్సులు అల్లింది. వాళ్ల దిక్కు కొత్త కోడలు అత్తగారింట్లో అట్లా ఇస్తుందట. నా పెళ్లాం యాదమ్మకు ఎర్ర పూలవి. మహేష్‌కు పచ్చ గీతలవి. నాకు ఉత్త తెల్లవి. పళ్లెంలో తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. "బాపూ, మీకు."
పక్కింటి బాలయ్య అప్పుడే ఉండాలా... "ఏందే అన్నా, కోడలు నిన్ను ఇప్పుడే పాడె మీద పండవెడ్తున్నదా?"
నవ్వాడు. నాకు మండింది. "తెల్లయి పీనుగకు తెస్తరు. నేనింక సావలె" అని కాలితో పళ్లెం నెట్టాను.
సుమన్‌కు మాటలు ఎంత అర్థమయ్యాయో. కాలు మాత్రం చూసింది.

జనవరి 10
సుమన్ ఉత్త కాళ్లతో తిరుగుతోంది. బాపు అనడం లేదు.

జనవరి 13
బోరు నీళ్లలో ఇసుక. ఒక తెల్ల సాక్సు తీసి పైపు మూతికి కట్టాను. ఇసుక మంచిగా ఆగింది. యాదమ్మ నన్ను తిట్టింది — "నీకు నెత్తి ఉన్నదా?"
సుమన్ బిందె పట్టుకుని వచ్చింది. పైపు చూసింది. నీళ్లు పట్టుకుని పోయింది.

జనవరి 21
కాలు వాచింది. వాసన. నొప్పి మాత్రం లేదు... అదే మోసం.
డాక్టరు సూదితో పొడిచాడు. తెలియలేదు. "షుగర్‌తోని కాలు మొద్దుబారింది పెద్దాయనా. ఉత్త కాళ్లతో నడవకు. తెల్ల సాక్సులు తొడుక్కో. నెత్తురు కారితే తెలుపు మీద కనవడ్తది."
తెల్లవే ఎందుకో అప్పుడు తెలిసింది.
ఆటోలో మహేష్ అన్నాడు, "బండల మీద నీ నెత్తురు మరకలు పొద్దుగాల్నే తుడిచేది సుమనే. ఆమె నాయినకు గిట్లనే అయితే కాలు తీసేసిండ్రు. ఆయనకు గూడ తెల్లయే అల్లేదట."
"ముందుగాల చెప్పద్దా?"
"చెప్పనిచ్చినవా?"

జనవరి 29
కాలి చిటికెన వేలు తీసేశారు. నాకు చూపలేదు. అడగలేదు.

ఫిబ్రవరి 3
ఇంటికి వచ్చాను. పైపు మూతికి ఉన్న సాక్సు విప్పాను. ఎర్రమట్టి పట్టి అట్టలా ఉంది. మూడుసార్లు ఉతికాను. తెల్లగా కాలేదు. బిగుసుకుపోయింది కూడా.

ఫిబ్రవరి 6
రెండూ తొడుక్కున్నాను. కట్టు ఉన్న కాలికి తెల్లది. మంచి కాలికి మట్టి రంగుది. గోడ పట్టుకుంటూ వంటింటి దాకా నడిచాను.
సుమన్ రొట్టె కాలుస్తోంది. ఉత్త కాళ్లు. మడమలు పగిలి ఉన్నాయి. మా ఇంటి బండలు ఇంత చలి అని నాకెన్నడూ తోచలేదు.
"బిడ్డా, నీ సాక్సులు తొడుక్కో. వంటింట్ల గూడ."
నా కాళ్లు చూసింది. తెల్లది ముందు, నెత్తురు ఉందేమోనని. తర్వాత మట్టిది. దాన్ని చాలాసేపు చూసింది. మళ్లీ పెనం దిక్కు తిరిగింది.
"అన్నం పెట్టాలా?"
ఆ మాట చివర మునుపు 'బాపూ' ఉండేది. ఆగాను. రాలేదు.
లోపలికి పోదామంటే కాళ్లకు సాక్సులు. ఆ కట్టడి పెట్టింది నేనే; ఎత్తేసినా ఆమె ఇంకా ఉత్త కాళ్లతోనే ఉంది. గడప ఇవతలే నిలబడ్డాను.
"పెట్టు" అన్నాను.