పెద్దల్లో చేరని పిల్ల

పొద్దుటూరు,
బుధవారం పొద్దన.

మామకు,

ఈశ్వరి రాసేదేమంటే, ఈడ అత్తా నేనూ లేచి తిరుగుతాండాం, ఇంత తింటాండాం. ఆడ నువ్వూ అట్లనే ఉండావనుకుంటాండా. ఫోను చేతిలో పెట్టుకోని జాబు రాసేదేందని అనుకుంటావేమో. నీ రూములో మంచానికి మంచం ఆనుకోని అంతమంది పండుకుంటారు, నేను ఏడిస్తే అందురికీ వినపడతాది. మహబూబ్ బాషా అన్న శుక్రవారం మళ్ళీ కువైటుకు బయల్దేరతాండాడు. ఆయన చేతికి ఈ జాబూ, శెనగ్గింజల పొడీ, అత్త పెట్టిన నిమ్మకాయ ఊరగాయా ఇస్తాండా. పొడి అందురికీ పంచబాక, నువ్వు తిను.

పోయిన తూరి ఆయన చేతనే నువ్వు పంపిన జాబులో నాలుగు మాటలు అడిగింటివి. అత్త మోకాళ్ళు అట్లనే ఉండాయి, నూనె రుద్దితే ఒక పూట నయం, మళ్ళీ మామూలే. మిద్దె కారేది నిలిచిపోయింది, సందు కనపడిన కాడంతా సిమెంటు పూయించినా. మూడోది ఇప్పుడు చెప్తా. నాలుగోది ఆఖర్న రాస్తా, ముందే రాస్తే మిగిలింది రాయలేను.

"మన మిద్దె మింద మంత్రగత్తెలు చేరినారంట, నువ్వు వాళ్ళకు చాపలేసి కూచోబెడతాండావంట, నీకేమన్నా మతి పోయిందా" అని అడిగినావు. నీకు చెప్పినోళ్ళెవురో నాకు తెలుసులే. ఆయమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

మంత్రగత్తెలు గాదు మామా, విచ్‌లంట. రెండూ ఒకటే గదా అని నేనంటే గౌసియా మూతి ముడుచుకునె. గౌసియా నీకు తెలుసు, మన వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే గఫూర్ కూతురు, ప్రత్యూషతో కూడా ఫార్మసీ చదివింది. ఇంగొకటి దీప్తి, సింహాద్రిపురం పిల్ల, పులివెందుల్లో మందులంగట్లో పని చేస్తాంది. మన బిడ్డా వీళ్ళిద్దరూ కాలేజీలో ఉన్నెప్పుడే ఫోన్లో చూసి ఇదంతా నేర్చుకున్యారు. బిడ్డ పోయిన కాన్నించి వీళ్ళిద్దరూ అప్పుడప్పుడూ మన మిద్దె మిందికి వస్తాండారు. చేతబడి లేదు, కోడిని కోసేది లేదు. పొద్దునూ చందమామనూ చూస్తారు, ఆకులు ఎండబెడతారు, కొవ్వొత్తులు ముట్టిస్తారు, కడుపులో ఉండేది బయటికి చెప్పుకుంటారు. ఈమాత్రానికే మంత్రగత్తెలైతే దిష్టి తీసే మీయమ్మను ఏమనల్ల?

పగలూ రాత్రీ సమానంగా ఉండే దినమొకటి సెప్టెంబరులో వస్తాది గదా, అది వీళ్ళకు పండగ. మర్నాటి నించి చీకటి పెరుగుతాదంట. పండినదానికి దండం పెట్టుకోని, చలికాలానికి కావల్సింది ఎత్తిపెట్టుకోని, మోయలేనిది ఆ పొద్దే దించేయల్లంట. మన పొద్దుటూర్లో చలి యాడుందే, నెల దినాలు దుప్పటి కప్పుకుంటే సరిపాయె అని నేను ఎగతాళి చేస్తాంటే, "చలి లేకున్నా చీకటుంది గదమ్మా" అనేది ప్రత్యూష. అన్నీ అట్ల తిరగేసి చెప్పేది, నీ మాదిరే.

ఈ ఏడు ఆ దినం పెద్దల అమాసకు మర్నాడే పడింది. అమాస నాడు అత్త మీ నాయనకూ, మీ తాతోళ్ళకూ కొత్త గుడ్డలు పెట్టి, విస్తర్లేసి, వడలూ పాయసమూ వడ్డించె. నేను చివర్న ఇంగొక విస్తరి ఏసి, ప్రత్యూష పచ్చ చుడిదారు దాని పక్కన పెడితి. అత్త చూసి విస్తరి తీసేసింది. "పెండ్లి గాని పిల్ల పెద్దల్లో చేరదు ఈశ్వరీ. దానికి పెట్టగూడదు. పెడితే ఇల్లు పట్టుకోని తిరుగుతాది" అనె. "తిరగనీలే అత్తా, దాని ఇల్లే గదా" అంటి. ఆ పొద్దంతా నేను అన్నం ముట్టలా. ఇరవై రెండేండ్లు సాకినాం మామా. మీ ముత్తాత పేరు ఇంట్లో ఎవురికీ తెల్దు, ఆయనకు వడలు, నా బిడ్డకు మాత్రం ఆకు గూడా లేదు.

మర్నాడు గౌసియా వస్తే దాని మింద పడి ఏడిస్తి. "మా పండగలో ఎవురికైనా విస్తరి ఎయ్యొచ్చు ఆంటీ, నువ్వు మిద్దె మిందికి రా" అనె. మధ్యాన్నం బస్సుకు దీప్తి దిగె, సంచి నిండా చీనీకాయలూ, సజ్జ కంకులూ, సీతాఫలాలూ. చీనీ తొక్కలు ఎండకేసినాం. పోయిన వారం ఎండిన తులసి, వాము, మిరియాలు కలిపి దగ్గుకు పొట్లాలు కట్టినాం. అత్తకూ, వీధిలో ముసిలోళ్ళకూ చలికాలం సరిపోతాయి. ప్రత్యూష పాత చుడిదార్లతో బొంత కుట్టుకుందామనిరి. నా చెయ్యి కత్తెర పట్టలా. గౌసియానే కండ్లు తుడుచుకుంటా కత్తిరించె, నేను కుడితి. ఆ గుడ్డల్లో ఇంగా దాని వాసన ఉంది.

పొద్దుగూకే యాలకు దీప్తి ప్రత్యూషకని విస్తరేసె. అప్పుడే మెట్ల మింద చీపురు చప్పుడు. అత్త మోకాళ్ళు పట్టుకోని మెట్టు మెట్టుకూ ఆగుతా, ఒక చేతిలో చీపురు, ఇంగొక చేతిలో ఎండు మిరపకాయలు, ఉప్పు తీసుకోని వచ్చె. ఈ ఆడపిల్లల్ని ఏదో పట్టింది, వదిలించల్ల అని. వాళ్ళను వరసగా నిలబెట్టి తల చుట్టూ తిప్పి, మూడు తూర్లు ఉమ్మేయించి, వాళ్ళు ముట్టించిన మంటలోనే మిరపకాయలు ఏసె. ఆ ఘాటుకు అందురమూ దగ్గిందే దగ్గింది. "అవ్వా, ఇది మాకు గూడా నేర్పు. మా కంటే నువ్వే పెద్ద విచ్చు" అనె దీప్తి. "మీ మొగాలు మండ" అని అత్త నవ్వె. బిడ్డ పోయిన కాన్నించి ఆయమ్మ నవ్వు అదే మొదలు.

ఆ తర్వాత విస్తరి చూసింది. చీపురుతో ఊడ్చేస్తాదేమోనని నేను దానికి అడ్డంగా కూచుంటి. అత్త ఊడ్చలా. చీపురు కింద పెట్టి, నా పక్కన కూలబడె.

"ఈడ ఎవురికైనా పెట్టొచ్చునా?" అని గౌసియాను అడిగె.

"ఎవురికైనా పెట్టొచ్చు అవ్వా."

"పేరు లేకున్నా?"

"లేకున్నా పెట్టొచ్చు."

"అయితే ఇంగొకటి ఎయ్యమ్మా. మా నారాయణకు ముందు నాకొక ఆడబిడ్డ పుట్టె. పురుడన్నా తీరకముందే పోయె, పేరు గూడా పెట్టలా. ఏడవగూడదు, ఏడిస్తే మళ్ళీ కడుపు నిలవదు అని మా అత్త నోరు మూయించె. ఏటేటా అమాసకు ముక్కూ మొగం తెలీనోళ్ళకందరికీ వడ్డిస్తా, నా బిడ్డకు ఏసిందే లేదు" అనె.

నీకు అక్క ఉండేదని నీకు తెలుసునా మామా? ఈ ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె, నాకు తెల్దు. దీప్తి గబగబా ఆకేసి సీతాఫలం పెట్టబోతే, "పాలు తాగే బిడ్డ, అవన్నీ ఎట్ల తింటాది" అని కిందినించి గిన్నెలో పాలు తెప్పించి, ఏలు ముంచి వేడి చూసి మరీ పెట్టె. నా దిక్కు తిరిగి, "నన్ను ఏయనీలా, అందుకని నిన్నూ ఏయనీకపోతి, తప్పే" అనె. ఇద్దరమూ పట్టుకోని ఏడిస్తిమి. అట్ల ఇంట్లో ఎప్పుడూ ఏడవలేదు మేము.

చీకటి పడతాంటే ఒక్కొక్కరూ ఎండుటాకు చేతబట్టి, మోయలేనిది చెప్పి మంటలో ఏయల్ల. గౌసియా చెప్పె, దీప్తి చెప్పె. నా వంతు వచ్చె. నీకు చెప్పకుండా మంటకు చెప్పడం న్యాయం గాదనిపించె. ఆకు అట్లనే చేతిలో నలిపేసుకోని కిందికి దిగొస్తి.

ఇదే నీ నాలుగో మాట. ప్రతి జాబులోనూ అడుగుతాండావు, "ఆఖర్న నన్ను అడిగిందా" అని. అడగలా, దానికి తెలివే లేదని చెప్తా వచ్చినా. అది అబద్ధం మామా.

కడప ఆసుపత్రిలో ఆ పొద్దన దానికి బాగా తెలివొచ్చింది. "నాయన వచ్చినాడా" అని అడిగె. నీకు సెలవు దొరకలేదని, పాస్‌పోర్టు నువ్వు పని చేసే సేటు కాడ ఉందని ఆ బిడ్డకు ఎట్ల చెప్పేది? "వచ్చినాడమ్మా, బయట ఉండాడు. లోపలికి ఒకరినే పంపుతారంట" అంటిని. ప్రత్యూష నా మొగం చూసి, "అయితే నువ్వు బయటికి పోమ్మా, నాయనను రానీ" అనె.

పోయినా. ఏం చేసేదో తెలీక తలుపవతల గోడకు ఆనుకోని నిలబడినా. ఇంగ రోంతసేపటికి లోపలికి పోయి, నాయన మందులకు పోయినాడని చెప్దామనుకుంటి. నర్సు పిలిచేసరికి అయిపోయింది. మొగం తలుపు దిక్కే తిరిగి ఉండె.

నా బిడ్డ పోయేటప్పుడు నేను దాని పక్కన లేను. ఇది అత్తకు గూడా తెల్దు. నీకు చెప్తే ఇంగ బతకవని భయపడి దాచినా. నువ్వేమో, "ఆఖరి చూపుకు రాలేనోన్ని, ఏం మొగం పెట్టుకోని వచ్చేది" అని మళ్ళీ రెండేండ్ల పనికి ఒప్పుకుంటానని రాస్తాండావు. ఒప్పుకోబాక. నువ్వు రాలేదని అది అనుకోలేదు మామా. వచ్చినావు, తలుపు తీసుకోని లోపలికి వస్తాండావు అనుకుంటానే పోయింది.

రా. పెన్న గట్టున దాన్ని పెట్టిన కాడికి నిన్ను తీసుకపోతా. నువ్వొక్కనివే దాని దగ్గరికి పో. నేను బయట నిలబడతా.

ఇట్లు,
ప్రత్యూష వాళ్ళమ్మ