దొరకకూడని డిస్ట్రిబ్యూటర్

సుబ్బరాయుడు గారికి నమస్కారం.

నందిగామలో మీ పాత స్పేర్‌పార్టుల షాపుకి ప్రతి గురువారం అంబాసిడర్ కారు ఇంజన్లో బిగించే డిస్ట్రిబ్యూటర్ కోసం వచ్చే జగ్గయ్యపేట లెక్కల మాస్టారి భార్యను. సరైనది దొరికిందని నిన్న మీరు ఫోన్ చేస్తే ఎత్తింది నేనే. ఆ మాట ఆయనకు చెప్పలేదు. మీరూ చెప్పకండి.

అది బిగిస్తే కారు స్టార్టవుతుంది, ఆయన నడుపుతారు. కిందటేడు పెనుగంచిప్రోలు రోడ్డులో ఎదురొచ్చే లారీని చింతచెట్టు అనుకున్నారు. చూపు తగ్గినా చెవులు బాగానే వినపడతాయి, అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాను.

గురువారం మాత్రం ఎప్పట్లా కూర్చోబెట్టి మాట్లాడండి. "వచ్చేవారం చూద్దాం మాస్టారూ" అనండి. టీలో పంచదార వద్దు.

దొంగలెత్తుకుపోయారని ఆయన అనుకుంటున్న పాతది మా వంటింట్లోనే, మడి ఆవకాయ జాడీల వెనక ఉంది. మడి కట్టుకోకుండా ఆయన అటు చెయ్యి పెట్టరు.

పసుపునీళ్ళతో కడిగే పెట్టానండి.