గడకు తగిలిన ఇసుక

ఎర్రన్నా,

నేను ప్రాణంతోనే ఉన్నాను. ఫోన్ సముద్రంలో పోయింది, అందుకే ఈ కార్డు.

సోమవారం గాలివానలో చేపల వేట నుంచి, ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి రేవుకు వస్తున్నాం. అక్కడ లోతు తక్కువ, అలలు మనిషెత్తు. బావులు తవ్వినవాణ్ణని బోటు నడిపే శీనప్ప లోతు చూడమని గడ నా చేతికిచ్చి ముందు నిలబెట్టాడు. గడకు మెత్తగా ఇసుక తగిలింది. "ఇసుక తగిలిందంటే ఇంగ నీళ్లు ఈడనే ఉండాయప్పా" అని బావిలోంచి అరిచేవాడివి కదా. నా చెయ్యి ఆ ఇసుకనే గుర్తుపట్టింది. "తగిలిందప్పా!" అని వెనక్కి తిరిగి నవ్వుతూ అరిచాను. ఆయనకు తెలుగు రాదు. నా నవ్వు చూసి దారి బాగుందనుకుని ముందుకే పోనిచ్చాడు. బోటు ఇసుకలో దిగబడింది, వెనకాలే వచ్చిన అల దాన్ని బోర్లా వేసింది. శీనప్ప ఇంకా దొరకలేదు.

నాకు రెండు పూటలా అన్నం పెడుతున్నది ఆయన భార్యే. ఎందుకు నవ్వానో ఆమెకు చెప్పలేదు.

పాత చొక్కాలు రెండు పంపు. వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? ఆదెన్న చేనిలో నువ్వు మొదలుపెట్టిన బావి ఎంత లోతు పోయింది? మీ పాప ప్రసూనకు నా దీవెనలు.

ఆ బావిలో ఇసుక తగిలితే మాత్రం నాకు రాయొద్దు అన్నా.

నీ తమ్ముడు కేశవ