మేడ పలకల నలుపు

11 నవంబరు 2024, సోమవారం
మబ్బు. తూర్పు గాలి. పొద్దున్నే కాశీబుగ్గ మేడకి వెళ్లి పైగది కిటికీలు కడిగాను.

ఈ పాత మేడ కొని అద్దెకిస్తే నా భార్య నీలవేణి జీడిపిక్కలు కొట్టే పని మానుతుందని కొన్నాను. మానింది. ఇల్లు మాత్రం ఖాళీగానే ఉంది. కింద గచ్చు. పైన నేలంతా కట్టినప్పటి టేకు పలకలు, మధ్యలో నల్లటి మరకలు. పాత యజమాని అక్కడ ఆడవాళ్లచేత పిక్కలు కొట్టించేవాడు, ఆ జీడి కారిన మరకలే అవి. నీలవేణి కూడా ఇక్కడే, కిటికీ పక్కన కూర్చునేది.

బ్యాంకులో పనిచేసే చందనగారు చూసి వెళ్లారు. ఇల్లు నచ్చింది. పాకే పిల్ల ఉంది, ఈ నలుపు మీద ఎలా వదలాలి అని అడిగారు. నెలాఖరుకి దిగుతారట.

12, మంగళవారం
వడ్రంగి పెంటయ్య వచ్చి పలకలు తట్టి చూశాడు. మిషన్‌తో పైపొర తీసి పాలిష్ కొడితే చాలన్నాడు. టైల్స్ వేస్తే దూలాలు తన నడుంలాగే వంగిపోతాయన్నాడు. నీలవేణి ప్లాస్టిక్ షీటు పరిచెయ్యమంది. అంత టేకుని కప్పెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

14
పెంటయ్య నడుం నిజంగానే పట్టేసింది. మిషన్ ఇచ్చాడు. ఫోన్లో వీడియో చూసి నేనే పట్టాను. తలుపు వైపు పలకలు తేనె రంగు తేలాయి. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

15
మరకలు మొదలుపెట్టాను. మిషన్ వేడికి నలుపు జిగురయింది. చేత్తో తుడిచాను. జీడి వాసన. ఇన్నేళ్లకి అందులో ఒళ్లు పొక్కించే గుణం ఇంకేముంటుందిలే అనుకున్నాను.

16
చేతులు పొక్కాయి. కళ్లు వాచాయి. రాయలేను.

18
కుడిచెయ్యే ఎక్కువ. నీలవేణి కొబ్బరినూనె రాసి గుడ్డ కడుతోంది. తిట్టలేదు. కట్టు ముడేస్తూ మాత్రం అంది: “ఆ నలుపు మా సేతులకంటిందే మావా. ఎండిపోతే సచ్చిపోద్దనుకున్నావేటి?”

చందనగారు ఎప్పుడు దిగుతారని అడిగింది. షీటు వేసేద్దాం అనాల్సింది. సగం అయిపోయిందిగా అన్నాను.

19
జీడి అంటకుండా చేతులకి ఆముదం, బూడిద రాసుకుని నీలవేణి పైకెక్కింది. పెంటయ్య దగ్గర గీకే రేకు తెచ్చుకుంది. వద్దన్నాను. “నీ వల్ల కాదులే. ఆ సోటు నాకు తెల్సు,” అంది.

20, మధ్యాహ్నం
తుంపర. మేడ కింద కూర్చుని ఎడమ చేత్తో రాస్తున్నాను. పైన గీకుతున్న చప్పుడు ఆగి ఆగి వస్తోంది.

ఇందాక టీ ఇవ్వడానికి వెళ్లాను. పిక్కలు కొట్టే రోజుల్లోలాగే కిటికీ పక్కన, కాళ్లు మడిచి, గోడకి ఓరగా కూర్చుంది. వెనక్కి చూడకుండానే బూడిద చేత్తో గ్లాసు అందుకుంది. ఆమె చుట్టూ పలకలు తేనె రంగు తేలాయి. బాగున్నాయి.

షీటు పరిచేద్దాం. కిందికి రమ్మని చెబుతాను. ఇవాళ పాలు నేనే తెస్తాను.