మన కాజా మిషను

బిష్కెక్,
అలామెదిన్ బజారు వెనక,
ఆగస్టు 19.

బురుల్చాకి,

నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. మర్యాద అయిపోయింది, ఇక తిట్లు. ఫోన్లో తిడదామంటే మధ్యలో పెట్టేస్తావు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

మన కాజా మిషన్ని ఊరందరికీ అద్దెకిస్తున్నావుటే? అది నీ ఒక్కదానిదా? మన రెండు కుట్టు దుకాణాలూ చెరో సగం వేసుకుని కొన్నాం. ఒక వారం నీ దగ్గర, ఒక వారం నా దగ్గర. ఇన్నేళ్ళలో దాని గురించి ఒక్క మాట పట్టింపు వచ్చిందా? నాకు పని ఎక్కువైతే నీ వారం కూడా నాకే వదిలేసేదానివి, నేనూ అంతే. ఇప్పుడేమో దుకాణాలవాళ్ళు ఒకరి సామాను ఒకరు వాడుకునే ఆ దిక్కుమాలిన యాప్‌లో పెట్టావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది నీ వ్యవహారం.

సోమవారం నుంచి నా వంతు. స్కూళ్ళు తెరిచేలోగా పంపాల్సిన తెల్ల చొక్కాలు ఇక్కడ గుట్టలుగా పడున్నాయి, ఒక్కదానికీ కాజాల్లేవు. మిషను కోసం మా కోడలు మేరిమ్‌ని బండిచ్చి పంపితే, ముక్కూమొహం తెలియని మనిషెవడో దాన్ని తన వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడట. ఇదేంటండీ, ఇది మాది కదా అని మేరిమ్ అడ్డం పడితే, యాప్‌లో బోష్ అని ఉంది, తీసుకున్నాను, తప్పుకోమ్మా అన్నాడట. నువ్వు గుమ్మంలోకి కూడా రాలేదట.

బోష్! ఖాళీగా పడుందని రాశావా? దాన్ని ఏనాడైనా ఊపిరి తీసుకోనిచ్చామా మనం? ఒళ్ళు మండిపోయింది నాకు.

మా దుకాణంలో ఆడవాళ్ళంతా కాజాలు చేత్తో కుడుతున్నారు. వేళ్ళు పుళ్ళు పడ్డాయి. గడువు దాటితే ఈ చొక్కాలు కుట్టమన్న రష్యావాడు, ఆ కజాన్ బేరగాడు మళ్ళీ నా గడప తొక్కడు. అతని పని పోతే చలికాలమంతా వీళ్ళ పొయ్యిలు ఎలా వెలుగుతాయి? చెప్పు.

ఇల్లు కట్టాలన్నా, గోడ కూలినా మనవాళ్ళు అషర్‌కి పిలుస్తారు. ఒక్క కేకకి వీధంతా వచ్చి చేసిపెడుతుంది, ఎవరూ కూలి అడగరు. మన మిషను కూడా అలాంటిదే అనుకున్నాను, పిచ్చిదాన్ని. నువ్వు దాన్ని బజారున పెట్టావు. సరే, నీ సగం నీది, నా సగం నాది. రెండుగా కోద్దాం. రంపం నేనే తెస్తాను.

ఇవాళ్టిదాకా నీ స్నేహితురాలు,
జూరా

తా.క.: ఉత్తరం మడుస్తుంటే మేరిమ్ వచ్చి, అత్తయ్యా, కాస్త ఆగండి, ఇది చూడండి అని ఫోను నా ముందు పెట్టింది. నీ పేరు కింద ఒక్క కాజా మిషనేనా! కుట్టు మిషన్లన్నీ బోష్. కటింగ్ బల్ల బోష్. ఆఖరికి దుకాణం గది కూడా వచ్చే నెల నుంచి బోష్.

దుకాణం మూసేస్తున్నావుటే? అన్నీ కట్టగట్టి అందులో పడేస్తూ నా వారం సంగతి కూడా మర్చిపోయావంటే నీ మనసు ఏ స్థితిలో ఉందో! ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పుకున్నావు, నాకు చెప్పలేదు. అషర్‌కి పిలవడానికి నోరు పెగల్లేదా? మిషను సంగతి మర్చిపోతాను గానీ, ఇది మాత్రం చచ్చినా క్షమించను.

కజాన్ అతను చలికోట్లు కూడా కుట్టమంటే చేతులు చాలవు, వద్దందామనుకున్నాను. ఇందాకే ఫోన్ చేసి ఒప్పేసుకున్నాను. నీ గదీ, మిషన్లూ చలికాలమంతా నేనే తీసుకున్నాను, మేరిమ్ చేత నొక్కించాను. పనివాళ్ళు ఎవరని యాప్ అడిగితే నీ పేరూ, మీ ఆడవాళ్ళ పేర్లూ పెట్టించాను. ఒప్పుకుంటున్నాను అని నీకో బటన్ వస్తుందట. రోషానికి పోకుండా నొక్కి చావు. ఈ ఉత్తరంతోపాటే చొక్కాలు బండికెక్కిస్తున్నాం, మీ ఆడవాళ్ళూ కాజాలకి తలో చెయ్యి వేస్తే గడువులోగా అయిపోతాయి, తలుపు తీసి ఉంచు.